కుయిల్కా చెక్కబాట: బోగ్‌ను కాపాడుతోందా, జనాన్ని తెచ్చి దాని నెత్తిన పోస్తోందా?

బెల్‌ఫాస్ట్_బాటసారి:
వచ్చే నెల మనవాళ్ళం పాతిక మందిమి దాకా ఫెర్మానా వెళ్ళి కుయిల్కా కొండ ఎక్కుదామనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో రచ్చ మొదలైంది. కొందరు "చెక్కల మీదే కదా నడిచేది, నేలకేం నష్టం" అంటున్నారు. ఇంకొందరు ఆ చెక్కలు వెయ్యడమే తప్పు, మనం పోయి ఇంకా పాడుచెయ్యొద్దు అంటున్నారు.

తెలియనివాళ్ళ కోసం: కుయిల్కా ఉత్తర ఐర్లండ్‌కీ (అది యూకేలో భాగం) రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్‌కీ మధ్య సరిహద్దు మీద ఉన్న కొండ. ఎత్తు 665 మీటర్లు. ఫెర్మానా వైపు వాలు చాలావరకు బ్లాంకెట్ బోగ్, అంటే నీళ్ళు నానిన పీట్ నేల. బడిలో బొగ్గు రకాల్లో మొట్టమొదట చదివామే, ఆ పీటే. రక్షిత ప్రాంతం. 2015లో దాని మీదుగా చెక్కబాట వేసి, చివర్లో నిటారుగా ఉన్న చోట సుమారు 450 మెట్లు కట్టారు. జనం బోగ్‌ను తొక్కకుండా ఉండాలనే కట్టారు. తీరా ఫొటోలు ఫోన్లలో తిరిగి "స్వర్గానికి మెట్లు" అని పేరు పడిపోయింది. ఏడాదికి కొన్ని వేల మంది వచ్చే చోటికి 60 వేల పైచిలుకు రావడం మొదలైంది.

నా మాట ముందే చెప్పేస్తా. చెక్కలు మంచివే. అవి ఆగిపోయే చోట మొదలవుతుంది అసలు గొడవ.

మోర్న్_మట్టి:
నేను చెక్కల పక్షం. ఉత్తర ఐర్లండ్‌లోనే ఉన్న మోర్న్ కొండల్లో బాటలు బాగుచేసే పనికి సెలవు రోజుల్లో వెళ్తుంటాను కాబట్టి చూసిందే చెప్తున్నా.

పీట్‌లో తొంభై శాతం దాకా నీళ్ళే. పైన ఉన్న స్ఫాగ్నం నాచు ఆ నీటిని పట్టి ఉంచుతుంది. ఒకే చోట జనం తొక్కుతూ ఉంటే నాచు చచ్చి నల్ల మట్టి బయటపడుతుంది. తర్వాత వచ్చినవాడు బూటు దిగబడుతుందని ఒక అడుగు పక్కకి జరుగుతాడు. వాడి వెనకవాడు ఇంకో అడుగు. మనిషి పట్టేంత దారి కొన్నేళ్ళకి లారీ పట్టేంత బురద అవుతుంది. ఆ పైన వాన ఆ మట్టిని కోసుకుపోతుంది. పీట్ పెరిగేది ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు. మీటరు లోతు పోయిందంటే వెయ్యేళ్ళది పోయినట్టే. మా వైపు అలా కోసుకుపోయిన దారుల్లో రాళ్ళు పరచడానికి హెలికాప్టర్లతో సంచులు దించాల్సి వచ్చింది. దానికంటే ముందే చెక్క వెయ్యడం నయం కాదా?

ఓరుగల్లు_పోరడు:
అన్నా, నువ్వు చెప్పేది మోర్న్‌కు సరిపోతది. ఆడ జనం ముందుగాలనే ఉన్నరు, బాట తర్వాత బాగుచేసిన్రు. కుయిల్కా కత ఉల్టా. చెక్కలు ఎయ్యకముందు ఆడికి పోయెటోళ్ళే తక్కువ. చెక్కలు ఏసినంకనే గింత మంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఇంకో ముచ్చట. మెట్లు అయిపోయిన కాడ ప్లాట్‌ఫాం ఉంటది. శిఖరం మీది పాత రాళ్ళ కుప్ప ఆడికెల్లి ఇంకా దూరం. నడుమ చెక్కల్లేవు, ఏం లేవు. గోల్డెన్ ప్లోవర్ పిట్టలు నేల మీదనే గూడు పెట్టే జాగ అది. ప్లాట్‌ఫాం కాడికెల్లి ఎంతమంది ఎనకకు మళ్తరో నువ్వే చెప్పు.

విశాఖ_వాన:
ఎవరు మళ్ళుతారండీ 😀 మనవాళ్ళకి మెట్లు కనిపిస్తే చాలు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి గుడి దాకా పోకుండా దిగి వచ్చెయ్యమన్నట్టుంటుంది.

గోదారి_అక్కయ్య:
అందరూ బూట్ల గురించే మాట్లాడుతున్నారు. ఆ కొండని ముందు దెబ్బ తీసింది నడిచేవాళ్ళు కాదు బాబూ. యంత్రాలు పెట్టి పీట్ తవ్వారు, నీళ్ళు పోవడానికి కాలవలు కొట్టారు. వాన పడితే బోగ్ పట్టి ఉంచాల్సిన నీళ్ళు ఒక్కసారిగా కిందికి వచ్చి, కొండ కింద ఉన్న మార్బుల్ ఆర్చ్ గుహల్లో వరదలు పెరిగాయి. గుహల్ని జనానికి తెరిచింది 1985లో. నీళ్ళు పైనుంచి ఎందుకిలా వస్తున్నాయని చూసుకుంటే అసలు సంగతి బయటపడింది. అందుకే 1998లో అక్కడ మౌంటెన్ పార్కు పెట్టి, కాలవలకి అడ్డుకట్టలు వేసి బోగ్‌ను మళ్ళీ తడపడం మొదలుపెట్టారు. అదే ఏడాది రామ్‌సర్ జాబితాలోకీ, అంటే ప్రపంచంలో ముఖ్యమైన తడి నేలల జాబితాలోకీ ఎక్కింది.

ఆ జాబితాలో ఎక్కినంత మాత్రాన సరిపోదనుకోండి. మా కొల్లేరు 2002 నుంచీ అందులోనే ఉంది, చేపల చెరువుల గొడవ ఇప్పటికీ తీరలేదు. రిపబ్లిక్‌లో చూస్తే, బోర్డ్ న మోనా లాంటి ప్రభుత్వ సంస్థే పీట్ తవ్వకం ఆపుతున్నట్టు ప్రకటించింది 2021లో. ఇంత జరిగిన చోట, చెక్క మీద నడిచే కుటుంబాన్ని దోషిలా నిలబెట్టడం నాకు నచ్చదు. ఆ చెక్కలు లేకపోతే చాలామంది పిల్లలు, పెద్దవాళ్ళు బోగ్ అంటే ఏమిటో కళ్ళతో చూడరు.

ఓరుగల్లు_పోరడు:
అక్కా, మిషన్లు తవ్వినయని మనం తొక్కుడు మాఫ్ అయితదా? తవ్వుడు ఆపిన్రు, కాలవలు మూసిన్రు. ఇప్పుడు మిగిలింది మనమే కదా.

మోర్న్_మట్టి:
మిగిలింది మనమే కాదు తమ్ముడూ, గొర్రెలున్నాయి, ఎండు వసంతంలో హెదర్ పొదలకి అంటుకునే మంటలున్నాయి. ఒక్క మంటలో పోయేదానికి మన బూట్లు చాలా ఏళ్ళు తిరగాలి. అలాగని శిఖరం మీద నష్టం లేదనను. నువ్వు చెప్పిన ఆ చివరి ముక్క నిజమే.

డబ్లిన్_సూరి:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. డబ్లిన్ నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకోండి. మనది ఇండియన్ పాస్‌పోర్టు, ఐర్లండ్ రెసిడెన్స్ కార్డు మాత్రమే ఉంటే ఫెర్మానా వెళ్ళడానికి యూకే వీసా కావాలి. దారిలో ఎవరూ ఆపరు, అది వేరే సంగతి. నిబంధన నిబంధనే.

ఇక చెక్కల విషయం. డబ్లిన్ దగ్గర మా విక్లో కొండల్లో జౌస్ అనే కొండ ఎక్కే దారిలో బోగ్ మీద పాత రైలు స్లీపర్లు పరిచారు. ఏళ్ళు గడిచి అవి పుచ్చాయి. 2013లో ఒకావిడ ఆ దారిలో స్లీపర్ గుంటలో కాలు తగిలి పడింది, మోకాలికి కుట్లు పడ్డాయి. కింది కోర్టు 40,000 యూరోల పరిహారం ఇమ్మంది. 2017లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, కొండ మీద నడిచేవాళ్ళు తమ అడుగు తామే చూసుకోవాలని. ఆ తీర్పు ఆవిడ వైపు వచ్చి ఉంటే ఏ రైతూ ఏ పార్కూ ఇకపై చెక్క వెయ్యడానికి సాహసించేది కాదని అప్పట్లో కొండలెక్కే వాళ్ళంతా హడలిపోయారు. కాబట్టి వెయ్యాలా వద్దా అన్న దగ్గరే ఆగకండి. వేసినదాన్ని ముప్పై ఏళ్ళు ఎవరు చూసుకుంటారు, ఎవరి డబ్బుతో అన్నది కూడా అడగండి.

బెల్‌ఫాస్ట్_బాటసారి:
సూరి గారూ, వీసా సంగతి గ్రూపులో పెట్టేశాను, ఇద్దరు తప్పుకున్నారు.

అక్కయ్య గారి మాట కాదనలేను, పోరడి మాటా కాదనలేను. నాకు తోస్తున్నది ఒకటే. చెక్క నేలని కాపాడుతుంది గానీ జనాన్ని లెక్కపెట్టదు. ఇప్పుడు అక్కడ ఆ లెక్క పార్కింగ్ వల్లే జరుగుతోంది. నడవడానికి టికెట్ లేదు. బాట మొదలయ్యే చోట ఉన్న కార్ పార్క్‌లో మాత్రం ముందే ఆన్‌లైన్‌లో చోటు బుక్ చేసుకోవాలి. చెక్క ఎంత పొడుగున్నా లాభం లేదు, ఆ చోట్ల సంఖ్యే అసలు తలుపు. దాన్ని గూళ్ళు పెట్టే కాలంలో ఇంకాస్త బిగించి, ప్లాట్‌ఫాం దగ్గర "ఇక్కడితో సరి" అని గట్టిగా చెబితే చాలావరకు తీరుతుంది.

మోర్న్_మట్టి:
బిగించు, సరే. బిగిస్తే మిగతావాళ్ళు ఇంట్లో కూర్చుంటారా? ఆ శనివారం వాళ్ళంతా మా మోర్న్‌లోని డోనార్డ్ కొండకి వస్తారు, లేదా ఏ చెక్కా లేని ఇంకో బోగ్ మీదికి పోతారు. కుయిల్కా కనీసం తట్టుకునేలా కట్టిన చోటు. జనాన్ని కొన్ని చోట్లకే కుదించి, ఆ చోట్లని గట్టిగా కట్టి, మిగతా కొండల్ని వదిలెయ్యడమే మంచిదని నా వాదన. ఒక కొండ బలి అన్నా పరవాలేదు.

ఓరుగల్లు_పోరడు:
ఒక కొండ బలి అంటున్నవ్, అది రక్షిత ప్రాంతం అన్నా! బలి ఇచ్చెటందుకేనా రక్షిత ప్రాంతమని బోర్డు పెట్టింది?

గోదారి_అక్కయ్య:
ఇద్దరూ కాస్త తగ్గండి. బాటసారీ, పాతిక మంది ఒక్కసారి వెళ్ళకండి. ఎదురు వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలంటే ఎవరో ఒకరు చెక్క దిగాల్సిందే, దిగితే బోగ్‌లోనే. ఆరేడుగురు చొప్పున, వీలైతే శని ఆదివారాలు కాకుండా వెళ్ళండి. కుక్కని తెస్తానన్న వాళ్ళుంటే వద్దనండి, అక్కడికి రానివ్వరు.

బెల్‌ఫాస్ట్_బాటసారి:
ఆరేడుగురి చొప్పున అన్నది ఇవాళే పెడతాను. ప్లాట్‌ఫాం దగ్గర ఆగుదామంటే మాత్రం సగం మందే ఒప్పుకున్నారు. మిగతావాళ్ళు శిఖరం ముట్టకుండా అంత దూరం ఎందుకు రావాలంటున్నారు.

ఓరుగల్లు_పోరడు:
శిఖరం కావాలన్నోళ్ళను డోనార్డ్‌కు తోలు. మట్టి అన్న ఎట్లైనా ఆడ్నే ఉంటడు, రాళ్ళు మోపిస్తడు.