మోటార్‌హోమ్ ఫ్లోర్ మెత్తబడింది, వెనక మూల నెమ్ము వాసన. పైన ప్లై కొట్టేస్తే సరిపోద్దా?

లీడ్స్_బాబాయ్:
అందరికీ నమస్కారమండి. యూకేలో మోటార్‌హోమ్ పెట్టుకున్న తెలుగోళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలీదు, ఉన్నవాళ్ళు కాస్త చూసి చెప్పండి, నిద్ర పట్టట్లేదు. మాది 2006 మోడల్, ఫియట్ డుకాటో వ్యాన్ ఛాసిస్ మీద వేరేగా ఇల్లు కట్టిన కోచ్‌బిల్ట్ రకం, నాలుగు బెర్తులది. రెండేళ్ళ కిందట ఒక పెద్దాయన దగ్గర కొన్నాం. చక్కగా చూసుకున్నట్టే కనపడింది, కర్టెన్లు కూడా ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చాడు, నేను ఆ కర్టెన్లు చూసే పడిపోయాను అనుకోండి. చలికాలం అంతా ఇంటి ముందే పడుంది. మొన్న ఈస్టర్ సెలవుల్లో శుభ్రం చేద్దామని తలుపు తీస్తే గుప్పుమని తడిసిన గోనెసంచి వాసన. మా ఆవిడ ముక్కు మూసుకుని "ఇందులోనా మీ అమ్మగార్ని పడుకోబెట్టేది" అని దిగిపోయింది.

రెండు చోట్ల తేడాగా ఉందండి. తలుపు ఎక్కగానే సింకు ముందు కాలు పెడితే ఫ్లోర్ కిర్రుమని కొంచెం దిగి మళ్ళీ లేస్తోంది, పరుపు మీద అడుగేసినట్టు. రెండోది వెనక ఎడమ మూల, బాత్రూం పక్కన మంచం కింద లాకర్‌లో. అక్కడ వినైల్ అంచు నల్లబడింది, గోడ కింది భాగం అలలు అలలుగా ఉబ్బింది. 20 పౌండ్లు పెట్టి పిన్నులుండే డ్యాంప్ మీటర్ కొన్నా, చెక్కలో తడి శాతం తలుపు దగ్గర 13, 14 చూపిస్తోంది, వెనక మూల 28, ఇంకొంచెం కింద గుచ్చితే 33.

వర్క్‌షాప్ ఆయన ఒకడు వచ్చి ఫోన్ టార్చి వేసి రెండు నిమిషాలు చూసి 3,400 పౌండ్లు అన్నాడు, అది కూడా సెప్టెంబర్ దాకా ఖాళీ లేదంట. మా ఫ్రెండ్ ఏమో ఎందుకురా అంత, పైన 9 ఎంఎం ప్లై వేసి స్క్రూలు కొట్టి కొత్త వినైల్ పరిచేయ్, ఒక శనాదివారాల పని అంటున్నాడు. ఆగస్టులో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు, స్కాట్లాండ్‌లో నార్త్ కోస్ట్ 500 రోడ్డు ట్రిప్పు తిప్పుతా అని ఏడాదిగా ఊరిస్తున్నా వాళ్ళని.

పైన ప్లై వేసేయొచ్చా? రెండు చోట్లా ఒకటే జబ్బా? రంపం, డ్రిల్లు పట్టుకోవడం వచ్చు, అంతకంటే పనితనం లేదు నాకు.

మిల్టన్‌కీన్స్_మావయ్య:
ప్లై మీద ప్లై వద్దు బాబాయ్. పుండు కడక్కుండా కట్టు కట్టినట్టే అది. కింద చివికిపోయిన చెక్కలో స్క్రూ పట్టదు, తడి పైకి పోయే దారి కూడా మూసేస్తావు, పైగా బరువు. ఇవి చాలావరకు మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడని బండ్లు, నీళ్ళు, గ్యాసు, మనుషులు, మీ అమ్మగారి పచ్చళ్ళు ఎక్కితే ఏం మిగలదు, మళ్ళీ ప్లై బరువొకటా.

ఇది నీకు పనికిరాదు గానీ చదివే మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. డీలర్ దగ్గర కొంటే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ఉంది, లోపం ఉందని తేలితే 30 రోజుల్లోపు బండి వెనక్కి ఇచ్చేయొచ్చు, ఆరు నెలల్లోపు బయటపడితే కొన్నప్పుడే ఉందనే లెక్క, కాదని డీలరే రుజువు చేసుకోవాలి. ప్రైవేటుగా కొంటే ఆ సుఖం లేదు, అవతలివాడు అబద్ధం చెప్పి అమ్మాడని నువ్వు తేల్చాలి. కొనేముందు డ్యాంప్ టెస్ట్‌తో కలిపి హ్యాబిటేషన్ చెక్ (లోపలి ఇంటి భాగం తనిఖీ) చేయించుకోండి నాయనా, కర్టెన్లు చూసి కొనకండి.

వడ్రంగోళ్ళ_అబ్బాయి:
బాబాయ్ గారూ, మీవి రెండూ వేరువేరు జబ్బులండి, మందు కూడా వేరే. మా నాన్న తణుకులో వడ్రంగి, నేను బ్రిస్టల్‌లో సాఫ్ట్‌వేర్, కానీ నా మోటార్‌హోమ్ పుణ్యమా అని మళ్ళీ ఉలి పట్టుకున్నా.

ఈ ఫ్లోర్ ఒకే చెక్క కాదు. పైన పల్చటి ప్లై, కింద పల్చటి ప్లై, మధ్యలో ఫోమ్, అంచుల్లో అక్కడక్కడా చెక్క బద్దెలు, మొత్తం జిగురు పెట్టి నొక్కేసిన సాండ్‌విచ్. దాని బలం అంతా ఆ జిగురే. తలుపు దగ్గర, సింకు ముందు రోజూ అందరూ తొక్కే చోట ఏళ్ళు గడిచేసరికి ప్లై ఫోమ్‌ని వదిలేస్తుంది, అందుకే మీకు కిర్రుమని దిగి లేస్తోంది. డీలామినేషన్ అంటారు, దానికి తడితో పనిలేదు, మీ మీటర్ 13 చూపిస్తోందంటే చెక్క పొడిగానే ఉంది. భయపడక్కర్లేదు.

వెనక మూల సంగతి వేరు. 15 లోపు మామూలు, 15 నుంచి 20 అయితే ఓ కన్నేసి ఉంచాలి, 20 దాటితే నీళ్ళు ఎక్కణ్ణుంచో వస్తున్నట్టు, 30 దాటితే చెక్క చాలావరకు పోయినట్టే అనుకోండి. మీటరొక్కటే నమ్మొద్దు, బండి కిందకి దూరి స్క్రూడ్రైవర్ వెనకభాగంతో కొట్టుకుంటూ రండి. మంచి ప్లై టక్‌టక్ అంటుంది, పోయింది మొద్దుగా మూగగా పలుకుతుంది, అక్కడ మొన పెట్టి నొక్కి చూడండి.

అన్నిటికంటే ముందు నీళ్ళ దారి పట్టుకోండి, అది తేలకుండా రంపం ముట్టుకోవద్దు. నా కథ చెప్తా. నాకూ బాత్రూం పక్కనే తడి, కాబట్టి షవర్ ట్రేనే అనుకుని రెండుసార్లు సీలెంట్ పీకి మళ్ళీ వేశా, రెండు నెలలు పోయాయి, తడి అలాగే ఉంది. చివరికి చూస్తే పైన, రూఫ్ కింద, వెనక మూల ఉండే బుల్లి మార్కర్ లైటు! దాని రబ్బరు ఎండిపోయి రాయిలా అయింది, నీళ్ళు అక్కడ దూరి వైరు పట్టుకుని గోడ లోపలే దిగి ఫ్లోర్ బద్దె దగ్గర తేలాయి. ఎక్కిన చోటికీ తేలిన చోటికీ నిలువు మనిషి కంటే ఎక్కువ దూరం. మా డ్రైవ్‌వే వెనక్కి వాలుగా ఉండబట్టి వెనక్కే చేరాయి. మీ బండి ఎటు వాలి ఉంది?

గాలి లేని పొడి రోజున ఒకరు లోపల టిష్యూ పేపర్ పట్టుకుని కూర్చోండి, ఒకరు బయట మామూలు హోస్ సన్నగా పెట్టి కింద నుంచి మొదలుపెట్టి పైకి పోండి, ఒక్కో చోట ఓ పావుగంట. పై నుంచి మొదలుపెడితే అన్నీ తడిసి ఏదీ తేలదు. ప్రెషర్ వాషర్ అస్సలొద్దు. షవర్‌ని వేరే రోజు చూడండి, ట్రే బిరడా పెట్టి నీళ్ళు నింపి పెన్సిల్ గీత పెట్టి రాత్రంతా వదిలేయండి.

టెక్సస్_అక్కయ్య:
మా ఆర్‌వీలో టాయిలెట్ కింద సీల్ పోయి ఫ్లోర్ నాశనం అయింది, మాది చెక్క పేళ్ళు జిగురుతో నొక్కి చేసే ఓఎస్‌బీ ఫ్లోర్, అది తడిస్తే అటుకుల్లా ఉబ్బుద్ది, మీకు ప్లై కాబట్టి అదృష్టవంతులే తమ్ముడూ. ఒక చిన్న సంగతి, కండెన్సేషన్‌ని లీక్ అనుకోకు. లోపల అన్నం వండి పులుసు మరిగించి కిటికీలు మూసుకుని పడుకుంటే తెల్లారేసరికి అద్దాలూ పరుపు అడుగూ అన్నీ చెమ్మే, కానీ అది అన్ని చోట్లా పల్చగా ఉంటుంది. ఒక్క మూల మాత్రమే 33 అంటే అది అన్నం ఆవిరి కాదు.

లీడ్స్_బాబాయ్:
అందరికీ థ్యాంక్సండి. శనివారం మొత్తం దీనిమీదే కూర్చున్నా. షవర్ గీత పొద్దున చూస్తే చెక్కు చెదరలేదు, షవర్ నిర్దోషి. హోస్ పెట్టి పక్క గోడ కిందా పైనా చూశాం, ఏం లేదు, వెనక మూలన నిలువుగా ఉండే అల్యూమినియం పట్టీ మీదకి రాగానే లోపల మా అబ్బాయి "డాడీ వెట్" అని అరిచాడు. పట్టీలో ప్లాస్టిక్ స్ట్రిప్ లాగి చూస్తే కింద స్క్రూలన్నీ తుప్పు, రెండిటికి తలకాయలే లేవు, వాటి వెనక మాస్టిక్ (సీలెంట్) ఎండిపోయి గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది.

లోపల వినైల్ లేపా. స్క్రూడ్రైవర్ పెడితే బలం పెట్టకుండానే దిగిపోయింది, నానిన అట్టముక్కలో దిగినట్టు. పై ప్లై నల్లగా పొరలు పొరలుగా చేతికొచ్చింది, పిండితే నీళ్ళు కారాయి, నిజంగా కారాయి. జానెడు వెడల్పు, రెండు జానల పొడవు పోయింది, గోడ పక్క బద్దె కూడా సగం లేదు. కింది ప్లై మాత్రం గట్టిగానే ఉంది. ఇప్పుడేం చేయాలి? తలుపు దగ్గర విడిపోయిన ప్లైని మళ్ళీ ఫోమ్‌కి అతికించడానికి రంధ్రాల్లో పోసే రెసిన్ కిట్ ఆర్డర్ పెట్టేశా, అదే వెనక కూడా పోసేస్తే గట్టిపడదా?

క్యారవాన్_మేస్త్రి:
అన్నా, నేను హైదరాబాద్‌ల షూటింగ్ క్యారవాన్‌లు, లీడర్ల బస్సులు కడ్తుంట. మీ బండ్లు నేను సూడలే గని ప్లై ఏడైనా ప్లైయే. కుళ్ళినదాంట్ల రెసిన్ పొయ్యకు, తడి మీద పట్టదు, గట్టిగైనట్టు కొడ్తది ఆర్నెల్లకు మల్ల మెత్తగైతది. మంచి చెక్క తగిలేదాక కోసెయ్, కంటికి కనవడే నలుపు కంటె ఇంకో నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువనే కొయ్.

ఇంకోటి, ప్లై ముఖం మీదికెళ్ళి నీళ్ళు తాగదు, అంచుకెళ్ళి తాగుతది. మా కాడ బాత్రూం కార్నర్, ఏసీ డ్రెయిన్ పైపు, ఈ రెండు జాగలల్లనే ఎప్పుడు పని. ఎంత మంచి మెరైన్ ప్లై తెచ్చినా కోసిన అంచుకు ఎపాక్సీ రెండు కోట్లు కొట్టకుంటే వేస్టు. స్క్రూ హోల్ గూడ అంచే, దాంట్ల గూడ ఎపాక్సీ నింపి మల్ల స్క్రూ తిప్పు. మెరైన్ ప్లైకి మా తాన ఐఎస్ 710 ముద్ర సూస్తం, మీ తాన వేరే ఉంటది గావచ్చు.

వడ్రంగోళ్ళ_అబ్బాయి:
మేస్త్రి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ బీఎస్ 1088 అడగండి బాబాయ్ గారూ.

ముందు ఆరబెట్టాలి, ఓపిక కావాలి, వారాలు పడుతుంది. ఆ మూల తెరిచే ఉంచండి, పట్టీ మీద బయట తాత్కాలికంగా టేప్ వేసి టార్పాలిన్ కట్టండి, లోపల డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ లాగే మెషీన్) పెట్టండి. మామూలు కంప్రెసర్ రకం చలిలో సరిగా పనిచేయదు, తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం అయితే చలిలో కూడా లాగుతుంది. రోజూ ఒకే చోట గుచ్చి అంకె రాసుకోండి. 15కి రాకుండా ఏదీ మూయొద్దు, ముఖ్యంగా కింద తారు అండర్‌సీల్ కొట్టొద్దు, కొడితే తడి లోపలే బందీ.

కోసేటప్పుడు సర్క్యులర్ సా లోతు సరిగ్గా పై ప్లై మందానికే పెట్టండి, కింది ప్లై తెగకూడదు. ఫోమ్ నానిపోతే ఆ ముక్క తీసి అదే మందం ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీట్ పెట్టి పాలీయురేథేన్ జిగురుతో అతికించండి, అది పొంగుతుంది, పైన బరువు పెట్టి ఉంచాలి, నేను మా ఆవిడ గ్రైండర్ రాయి పెట్టా. పట్టీకి సిలికాన్ వాడొద్దు, దయచేసి, ఒకసారి పూస్తే దాని మీద మళ్ళీ ఏదీ అతకదు. బ్యూటైల్ టేప్ (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ), స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి.

రెసిన్ తలుపు దగ్గర మాత్రమే. అరచేయంత దూరంలో రంధ్రాలు, డ్రిల్ బిట్‌కి టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి, పై ప్లై దాటి ఫోమ్‌లోకి వెళ్ళాలి గానీ కింద బయటికి రాకూడదు. అంతకుముందు కిందకి దూరి పైపులు, వైర్లు, గ్యాస్ లైను ఎక్కడున్నాయో చూసుకోండి. రెసిన్ కొంచెం కొంచెమే కలపండి, కప్పులోనే వేడెక్కి గడ్డకట్టేస్తుంది. పోశాక చెక్క బిరడాలు కొట్టి ఒక రోజు ఎవర్నీ తొక్కనివ్వకండి.

ఇంకో రెండు మాటలు. ఫ్లోర్‌లో గ్యాస్ పరికరాల దగ్గర కావాలనే వదిలిన కన్నాలు ఉంటాయి, గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందకి పోవడానికి అవి. చలిగాలి వస్తోందని వాటిని మూసేసినవాళ్ళని చూశాను, మీరు మూయకండి. అలాగే కుళ్ళు సీటు బెల్టు బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపుకి వస్తే అది ఎంఓటీ (ఇక్కడ బండ్లకి ఏటా చేసే ఫిట్‌నెస్ టెస్ట్) వ్యవహారం, మనం ఆపేసి వర్క్‌షాప్‌కి ఇచ్చేయాలి. మీది మంచం కింద కాబట్టి దూరమే అనుకుంటున్నా, కొలిచి చూడండి.

లీడ్స్_బాబాయ్:
కొలిచానండి, దగ్గర్లో బెల్టు లేదు, బతికిపోయా. డెసికెంట్ మెషీన్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. పదకొండు రోజులైంది, 33 కాస్తా 19కి వచ్చింది, రెండు రోజులుగా అక్కడే ఆగింది. మా నాన్నకి వీడియో కాల్‌లో ఆ గుంత చూపిస్తే కాసేపు చూసి "దీనికంటే మన పాత పెంకుటిల్లు నయం కదరా" అన్నాడు, ట్రిప్పు మాత్రం వదలనన్నాడు. మావయ్యగారూ, మీ దగ్గర సర్క్యులర్ సా ఉందన్నారు ఇంకో థ్రెడ్‌లో, జూన్ మొదటి వారం అటు వస్తా, ఇస్తారా?

మిల్టన్‌కీన్స్_మావయ్య:
ఇస్తా. వచ్చేటప్పుడు మాగాయ పట్రా.