ఐగర్ మిట్టెలెగి రిడ్జ్ మీద తాళ్లు ఉంచాలా, తీసేయాలా?

శిఖరదారి: స్విట్జర్లాండ్‌లోని ఐగర్ కొండ ఎత్తు 3,967 మీటర్లు. శిఖరానికి తీసుకెళ్లే సన్నటి రాతి అంచు, మిట్టెలెగి రిడ్జ్‌లో నిటారుగా ఉన్నచోట లావు తాళ్లు శాశ్వతంగా కట్టి ఉంచారు. 1921లో జపాన్‌కు చెందిన యూకో మాకి, ముగ్గురు స్విస్ గైడ్లతో ఈ దారిన ఎక్కినప్పుడు అవేవీ లేవు. ఇప్పుడు బూట్లూ సామానూ ఎంతో మెరుగైనవి. తాళ్లు తీసేస్తే సత్తా ఉన్నవాళ్లే వస్తారు. తీసేయాలనే నా అభిప్రాయం.

రాతిపగులు: మాకి బృందం ఒట్టి చేతులతో ఏమీ ఎక్కలేదన్నా. కొక్కేలు బిగించిన పొడవాటి కర్ర మోసుకెళ్లారు. ఆ సాయం మాటేమిటి?

జ్యూరిక్ తెలుగు: నేను గైడ్‌తో ఆ రిడ్జ్ మీదికి వెళ్లాను. రైలు సొరంగంలో ఐస్‌మీర్ స్టేషన్ దగ్గర దిగి, ఆ రాత్రి 3,355 మీటర్ల ఎత్తులోని గుడిసెలో పడుకుని, చీకట్లోనే బయల్దేరాం. రిడ్జ్ కొన్నిచోట్ల అడుగు వెడల్పే. సున్నపురాయి పొడిగా ఉంటే హాయిగా ఎక్కుతాం, సన్నటి మంచు పొర కమ్మితే కాలు ఆనదు. మాకు పైన మంచు మొదలైంది. గైడ్ వెనక్కి తిప్పాడు. చేతులు మొద్దుబారిపోయి, ఆ తాడు పట్టుకునే దిగాను.

ఇదే కొండ ఉత్తరపు గోడ మీద 1936లో ఏం జరిగిందో చూడండి. నలుగురు ఎక్కుతున్న జట్టులో హింటర్‌స్టోయిసర్ అనేవాడు నున్నటి బండకు అడ్డంగా దారి తీశాడు. నలుగురూ దాటాక తాడు లాగేసుకున్నారు. రాయి తగిలి వాళ్లలో ఒకడైన ఆంగరర్ గాయపడ్డాడు, వెనక్కి తిరిగారు. అప్పటికి ఆ బండ మంచుతో గడ్డకట్టింది, దాటలేకపోయారు. నలుగురూ చనిపోయారు. చివరివాడు టోనీ కుర్జ్, కాపాడటానికి వచ్చినవాళ్లకు కాస్త పైనే తాడుకు వేలాడుతూ ప్రాణం వదిలాడు. ఇవాళ ఆ బండ మీద తాడు కట్టే ఉంటుంది. అది తీసేయమని ఎవరైనా అనగలరా?

శిఖరదారి: ఆ బండ మీది తాడు ఉండాల్సిందే, ఒప్పుకుంటున్నాను. మిట్టెలెగి సంగతి వేరు. దిగడానికే అయితే రాతిలో గట్టి రింగులు బిగిస్తే చాలు, ఎవరి తాడుతో వాళ్లు దిగుతారు. ఎక్కేటప్పుడు మాత్రం రాయినే పట్టుకోవాలి.

జ్యూరిక్ తెలుగు: రింగుల ఆలోచన బాగుంది. కానీ వాతావరణం చెడితే నాలుగు జట్లు ఒకే రింగు దగ్గర, అడుగు వెడల్పు రాతి మీద, గాలిలో నిలబడాలి. మీ తాడు లాగి మళ్లీ వేసేలోపు మా వంతు ఎప్పటికొస్తుంది?