ముందు తోటలో తాడు అంచు టైల్స్ దొరికాయి: నిజంగా పాతవేనా? ఎంత పలుకుతాయి?

శ్రీలత_బర్మింగ్‌హామ్
అందరికీ నమస్కారం. మేము ఇక్కడ ఒక పాత టెర్రస్ ఇల్లు (పక్క గోడలు కలిసి వరసగా ఉండే ఇళ్ళలో ఒకటి) కొన్నాం. కాగితాల్లో 1890ల నాటిదని ఉంది. ముందున్న కాస్త జాగాలో పూలమడి చుట్టూ మట్టిలో కూరుకుపోయిన అంచు టైల్స్ బయటపడ్డాయి. ముదురు నీలం, దాదాపు నలుపు. పైఅంచు పేనిన తాడులా మెలికలు తిరిగి ఉంది. ఒక్కోటి తొమ్మిది అంగుళాల పొడవు. మొత్తం నలభై దాకా ఉన్నాయి, మూలల్లో పెట్టే గుండు ఉన్న ముక్కలు రెండు. పాత ఇళ్ళ సామాను కొని అమ్మే సాల్వేజ్ యార్డువాళ్ళు ఒక్కోటి రెండు పౌండ్లకు అడుగుతున్నారు. ఇచ్చేయొచ్చా?

నీలిమట్టి
ఇవ్వకండి! అవి స్టాఫర్డ్‌షైర్ బ్లూ, అంటే స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో కాల్చే నీలి ఇటుకల రకం. విక్టోరియా రాణి కాలం నాటివే, సందేహమే లేదు. ఆ వైపు ఎట్రూరియా మార్ల్ అనే ఎర్రమట్టి దొరుకుతుంది. బాగా వేడెక్కిన బట్టీలో గాలి తగ్గించి కాలిస్తే మట్టిలోని ఇనుము ఈ రంగుకు తిరుగుతుంది. నీళ్ళు పెద్దగా పీల్చవు, అందుకే మంచుకు తట్టుకుంటాయి. పది పౌండ్లకు తక్కువైతే మాట్లాడకండి.

రమణ_లెస్టర్
రంగు చూసి కాలం చెప్పడం కుదరదండీ. నీలి ఇటుకలు ఇవాళ్టికీ అదే మట్టితో కాలుస్తున్నారు. సిమెంటు పోతపోసి రంగు కలిపిన నకళ్ళు కూడా ఉన్నాయి. ఇల్లు 1890లదైతే తోట కూడా అప్పటిదేనని ఎలా అంటారు? శ్రీలత గారూ, పెచ్చు ఊడిన ముక్క ఒకటి చూడండి. లోపల ఇసుక, సన్న కంకర కనిపిస్తే అది సిమెంటు. కాల్చిన మట్టైతే ఒకే ముద్దగా, గట్టిగా ఉంటుంది. మట్టిలో పూడి ఉన్న కింది సగాన్ని కూడా కడిగి చూడండి, తయారుచేసినవాళ్ళ ముద్ర ఉంటే ఉండొచ్చు. ధర విషయానికొస్తే, నెట్‌లో పెట్టే రేటు అమ్మేవాడి ఆశ. అమ్ముడైన రేటు చూడాలి.

నీలిమట్టి
రమణ గారూ, ఈ ఇటుకల మధ్యే ఏళ్ళ తరబడి బతుకుతున్నవాణ్ణి. యార్డువాళ్ళ మాట నమ్మితే ఏమవుతుందో నన్నడగండి. మా పాత ఇంటి టైల్స్ చూసి “మామూలువి, ఎవరూ కొనరు” అన్నారు, ఇచ్చేశాను. తర్వాత అదే యార్డులో మా మూలముక్క కనిపించింది. మావాడు చిన్నప్పుడు తెల్ల పెయింటుతో గీసిన గీత కూడా అలాగే ఉంది. దాని మీద అయిదింతల రేటుతో చీటీ.

రమణ_లెస్టర్
మిమ్మల్ని యార్డువాడు ముంచితే ఈవిడ టైల్స్ వయసు తేలినట్టా? ఒక్కోటి మూడు నాలుగు కిలోలుంటుంది, పంపే ఖర్చే బోలెడు. ఒకే అచ్చువి ఒక దారికి సరిపడా ఉంటేనే గిరాకీ. మూలముక్కలు తక్కువగా దొరుకుతాయి కాబట్టి వాటికి విడిగా ధర అడగాలి. రెండు పౌండ్లు తక్కువే. కానీ పది అని ఆశపెట్టడం న్యాయం కాదు.

గోదారబ్బాయి
ఫొటోలు పెట్టండి మేడం. తడిపి కాదు, ఆరాక. తడిస్తే అన్నీ నీలంగానే కనిపిస్తాయి.

శ్రీలత_బర్మింగ్‌హామ్
విరిగినది చూశాను. కంకర లేదు, లోపల ఊదా ఛాయ. ఒకదాని అడుగున “...బ్రామ్‌విచ్” అని సగం అక్షరాలు. కాస్త త్వరగా చెప్పండి, సోమవారం కాంట్రాక్టర్ వస్తున్నాడు. ముందు జాగా అంతా కాంక్రీటు వేయించి కారు పెట్టుకుందామని. టైల్స్ తనకే వదిలేస్తే బిల్లులో కొంత తగ్గిస్తానన్నాడు.

నీలిమట్టి
వెస్ట్ బ్రామ్‌విచ్! జోసెఫ్ హాంబ్లెట్ లాంటివాళ్ళు నీలి ఇటుకలు కాల్చిన ఊరు. ఇంకేం రుజువు కావాలి? కానీ ఇదంతా కారు కోసమా? మా ఊళ్ళోనూ ఇంతే. అరుగులు కొట్టేశారు, టేకు స్తంభాలు వచ్చిన రేటుకు బేరగాడికి ఇచ్చేశారు, ఇప్పుడు అవి ఏదో రిసార్టులో ఉన్నాయని చెప్పుకుని బాధపడుతున్నారు.

రమణ_లెస్టర్
ఊరు తెలిసింది, ఏడాది తెలియలేదు. ఇక కారంటారా, ఆవిడ ఇల్లు, ఆవిడ ఇష్టం. మా ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ దిగొచ్చి రెండు వీధుల అవతల కారు పెట్టి చలిలో నడిచి వస్తుంది. అప్పుడు ఈ పాత టైల్స్ ఆమెకు ఏం చేశాయి?

నీలిమట్టి
అదీ సంగతి. మొదట్నుంచీ మీ వాదన వయసు గురించి కాదు. పాతవి కావని తేలితే పీకేయడం సులువు.

రమణ_లెస్టర్
పాతవని తేలితే ఆవిడ చేయి పట్టుకుని ఆపొచ్చని మీ తొందర. ధర అడిగిన మనిషికి ధర చెప్పండి.

విజయ_రెడింగ్
ఇద్దరూ ఆగండి. 2008 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో ముందు జాగాలో 5 చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని కాంక్రీటు వేస్తే, ఆ నీళ్ళు పక్కనే ఉన్న మట్టిలోకి పోయే ఏర్పాటైనా ఉండాలి, ప్లానింగ్ అనుమతైనా తీసుకోవాలి. పేవ్‌మెంట్ మీదుగా కారు ఎక్కించడానికి కెర్బ్ (రోడ్డు పక్క ఎత్తు రాతి అంచు) దించాలంటే కౌన్సిల్ అనుమతి వేరే. కాంట్రాక్టర్ ఇవి చెప్పాడా? నీరు ఇంకేలా గులకరాళ్ళు పరిపించి, ఈ టైల్స్‌నే అంచుకు పెట్టుకోవచ్చు.

శ్రీలత_బర్మింగ్‌హామ్
కెర్బ్‌కు అనుమతి వచ్చింది. కాంక్రీటు సంగతి అతను చెప్పలేదు, సోమవారం రావద్దన్నాను. కారు మాత్రం ఇంటి ముందు పెట్టుకోవాల్సిందే, మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో దూరం నడవలేరు. టైల్స్ ప్రస్తుతానికి తీసి షెడ్డులో పెడతాను. కొన్నిటికి గట్టిగా సిమెంటు పట్టుంది, ఎలా తీయాలి నీలిమట్టి గారూ?

నీలిమట్టి
ముందు వైపు గునపం వేసి ఎత్తకండి, తాడు దగ్గర విరుగుతుంది. వెనక మట్టి తవ్వేసి, చేత్తో అటూ ఇటూ కదిలించి తీయండి. పట్టింది పాత సున్నమైతే చెక్కతో గీకితే రాలుతుంది. సిమెంటైతే పైపొరను కూడా ఊడదీస్తుంది, అలాగే వదిలేయండి. యాసిడ్ జోలికి వెళ్ళకండి. మూలముక్కలు రెండూ గోనెసంచిలో విడిగా చుట్టి పెట్టండి. ధర మాత్రం ఇక నన్ను అడగకండి.