థార్ ఎడారి సైకిల్ ప్రయాణానికి ట్యూబ్‌లెస్ మేలా, ట్యూబులా?

డిసెంబరులో జోధ్‌పూర్ నుంచి పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్, అక్కణ్ణుంచి సమ్ ఇసుక తిన్నెల దాకా తొక్కాలని ఉంది. 300 కిలోమీటర్ల పైమాటే, నాలుగు రోజులు పెట్టుకున్నాను.

నా బెంగంతా ముళ్ల గురించే. రోడ్డు వారన రాలే సర్కారు తుమ్మ ముళ్లు టైరులోకి సూటిగా దిగిపోతాయి. 45 మి.మీ. టైర్లలో ఒక్కోదానికి 60 మి.లీ. సీలెంట్ (చిన్న రంధ్రాలను లోపలినుంచే మూసే ద్రవం) పోసి ట్యూబ్‌లెస్‌గా నడపాలా, ట్యూబులే ఉంచి లోపల లైనర్ (ముల్లు దిగకుండా టైరుకూ ట్యూబుకూ మధ్య పెట్టే పట్టీ) వేయాలా? పొడి ఎండకు సీలెంట్ త్వరగా ఆరిపోతుంది. ట్యూబైతే దారిలో ఏ పంక్చర్ షాపులోనైనా అతుకు వేస్తారు, అందుకే నా మొగ్గు అటే. కానీ లైనర్ చివర రాసుకుని ట్యూబే కోసుకుపోతుందంటారు. ఆ చివర్లను గరుకు కాగితంతో నునుపు చేసి టేపు చుడితే చాలా?

చైనుకు నూనె వేస్తే ఇసుక పట్టి పళ్లు అరుగుతాయి కాబట్టి మైనమే వాడతాను. నీళ్లు 6 లీటర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు సరే. పోఖ్రాన్ దాటాక లాఠీ, చాందన్ ఊళ్లలో తాగునీళ్లు నమ్మకంగా దొరుకుతాయా? ఆ నెలలో ఎదురుగాలి ఉంటుందా? ఆ దారి తొక్కినవాళ్లు దయచేసి చెప్పండి.