లాడ్జి కౌంటర్‌లో ఇంగ్లీషు: చదివితే అర్థమవుతుంది, ఎదురుగా మాట్లాడితే కావట్లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: స్టేషన్‌రోడ్_కుర్రాడు, తిరుపతి

రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో చేస్తున్నాను. టెన్త్ దాకా తెలుగు మీడియం. బీకాం ఇంగ్లీష్ మీడియమే అయినా క్లాసులో అంతా తెలుగులోనే చెప్పేవాళ్లు, పరీక్షలకి బట్టీ పట్టి రాశాను. తమిళం వాళ్లు వస్తే ఇబ్బంది లేదు, చిన్నప్పటి నుంచి చెవిన పడిందే. ఉత్తరాది నుంచో, విదేశాల నుంచో వచ్చినవాళ్లు ఇంగ్లీషు అందుకుంటే మాత్రం నాకు నోరు పెగలదు.

పోయిన నెల ఒక పెద్దాయన దర్శనం అయ్యాక రూమ్ ఖాళీ చేసి, సాయంత్రం ట్రైన్ దాకా లగేజీ కింద పెట్టుకోవచ్చా అని అడిగారు. ఆయన అడిగింది అదని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు వినపడింది లగేజీ అన్న ఒక్క మాటే. బాయ్‌ని పిలిచి బ్యాగులు మళ్లీ మూడో అంతస్తుకి పంపించేశాను. మాకు లిఫ్ట్ లేదు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ బ్యాగుల వెనకే వెళ్లారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు పిండేసినట్టు ఉంటుంది.

స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌కి 2 నెలలు వెళ్లాను, 12 టెన్సులు నోట్సులో రాయించారు. ఇప్పుడు షిఫ్ట్ డ్యూటీ, మళ్లీ క్లాసులకి వెళ్లే టైం లేదు. ఫోన్ ఒక్కటే ఉంది. దారి చెప్పండి అన్నా, అక్కా.

జవాబు: చిత్తూరు_టీచర్

తమ్ముడూ, ఆ 12 టెన్సులు కొన్నాళ్లు పక్కన పెట్టేయి. నీ కౌంటర్ దగ్గర రోజూ అడిగే ప్రశ్నలు మహా అయితే ముప్పై నలభై ఉంటాయి. రూమ్ ఉందా, వేడినీళ్లు ఎప్పుడొస్తాయి, అలిపిరి బస్సు ఎక్కడ ఎక్కాలి, నడిచి వెళ్తే ఎన్ని మెట్లు. ఈ వారమంతా ఎవరేం అడిగినా ఆ రాత్రికి ఒక చిన్న పుస్తకంలో రాసుకో, పక్కనే నువ్వు చెప్పాల్సిన జవాబు రాసుకో. రాసి ఊరుకోకు, గట్టిగా పైకి చెప్పు.

ఒక్క విషయం మాత్రం బాగా పట్టుకో. తెలుగులో 'రూమ్ క్లీన్ చేస్తున్నారు' అంటాం. ఎవరు చేస్తున్నారో చెప్పక్కర్లేదు, వాక్యం నిలబడుతుంది. దాన్ని అలాగే దించేసి 'రూమ్ ఈజ్ క్లీనింగ్' అంటే రూమే ఏదో శుభ్రం చేస్తోందని అర్థం వస్తుంది. ఇంగ్లీషులో చేసేవాళ్లని ముందు పెట్టాలి: 'దే ఆర్ క్లీనింగ్ ద రూమ్'. 'ద రూమ్ ఈజ్ బీయింగ్ క్లీన్డ్' కూడా కరెక్టే గానీ నీకు మొదటిది తేలిక. నా క్లాసులో పిల్లలు చేసే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇదే. తెలుగులో కర్త లేకపోయినా గడిచిపోతుంది, ఇంగ్లీషులో గడవదు. నోరు తెరిచే ముందు 'ఎవరు?' అని నిన్ను నువ్వే అడుగు. 'ఇంకా రాలేదు' అనాలంటే ఎవరు? 'హీ హాజ్‌న్ట్ కమ్ యెట్'.

జవాబు: రేణిగుంట_ట్యాక్సీ

టీచర్ గారు చెప్పింది మాట్లాడటం గురించి. నీకు అసలు దెబ్బ తగిలింది వినడం దగ్గర కదా బ్రదర్. నేను ఎయిర్‌పోర్ట్ బండి నడుపుతాను, మొదట్లో నాకూ ఇదే అయ్యేది. మనం తెలుగులో ప్రతి అక్షరం పలికేస్తాం. ఇంగ్లీషు బాగా మాట్లాడేవాళ్లు అలా కాదు, ముఖ్యమైన మాట మీదే బరువు వేసి మిగతా చిన్న మాటలన్నీ కలిపి మింగేస్తారు. 'కుడ్ ఐ లీవ్ మై లగేజ్ హియర్' అన్నది 'కుడై లీవ్‌మై లగేజియర్' అని వస్తుంది. అందుకే నీకు లగేజీ ఒక్కటే దొరికింది. తప్పు నీ తెలివిది కాదు, చెవికి అలవాటు లేదు, అంతే.

నెంబర్ల దగ్గర ఇంకా జాగ్రత్త, నీది డబ్బులు తీసుకునే చోటు. థర్టీ అన్నప్పుడు బరువు ముందు పడుతుంది, థర్టీన్ అన్నప్పుడు చివర 'టీన్' సాగుతుంది. అనుమానం వస్తే కాగితం మీద రాసి చూపించు, అందులో నామోషీ ఏం లేదు.

బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో ఆరు నిమిషాల ఆడియోలు ఫ్రీగా ఉంటాయి. మొదటిసారి ఏమీ చూడకుండా విను, రెండోసారి కింద రాసి ఉన్నది చూస్తూ విను, మూడోసారి వాళ్లతో పాటే నువ్వూ అను. రోజుకి కొత్తది వద్దు, ఒక్కటే వారం రోజులు విను.

అర్థం కాకపోతే తల ఊపేయకు. 'సారీ సర్, కుడ్ యూ సే దట్ ఎగైన్, స్లోలీ?' ఈ ఒక్క వాక్యం నిద్రలో లేపి అడిగినా వచ్చేలా నేర్చుకో.

జవాబు: బిల్లింగ్_అక్క, తిరుపతి

నేను ఆసుపత్రి బిల్లింగ్‌లో చేస్తాను. పుస్తకంలో రాసుకోవడం నాకు అంతగా పనికిరాలేదు, రాసింది చదివేదాన్ని గానీ మనిషి ఎదురుగా ఉంటే నోటికి వచ్చేది కాదు. ఫోన్‌లో నా గొంతు నేనే రికార్డు చేసుకుని విన్నాక మారింది. అప్పుడు తెలిసింది, రిసీట్‌ని 'రిసీప్ట్' అంటున్నానని. స్పెల్లింగ్‌లో ఉన్న పీ పలకకూడదు. బుక్డ్ అన్నది 'బుక్కెడ్' కాదు, 'బుక్ట్'. కాల్డ్‌లో 'డ్', వాంటెడ్‌లో 'ఇడ్'. రాసేటప్పుడు చివర ఒకటే ఈడీ, పలికేటప్పుడు మూడు రకాలు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనం బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసుకున్నాం. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఆ చివరి 'ఉ' వదిలేస్తే సగం తేడా వస్తుంది.

మా పాప ఆరో తరగతి. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు అది పేషెంట్ అవుతుంది, నేను బిల్ చెప్తాను. తప్పు చెప్తే వెంటనే పట్టుకుంటుంది, దాని దగ్గర నాకు టెన్షన్ ఉండదు. నీకూ ఇంట్లో చెల్లెలో తమ్ముడో ఉంటే కూర్చోబెట్టు.

స్టేషన్‌రోడ్_కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న నైట్ డ్యూటీలో 9 ప్రశ్నలు రాసుకున్నా. మా బాయ్ గెస్ట్‌లా వచ్చి అడిగాడు, నేను జవాబు చెప్పి రికార్డు చేశా. రెండు డౌట్లు. 'టుడే మార్నింగ్ వచ్చారు' అనొచ్చా? 24 గంటల చెకౌట్ అని చెప్తే చాలామంది మళ్లీ అడుగుతున్నారు, ఎలా చెప్పాలి?

చిత్తూరు_టీచర్

'దిస్ మార్నింగ్' అను. అలాగే 'యెస్టర్‌డే నైట్' వద్దు, 'లాస్ట్ నైట్'. చెకౌట్‌కి గంటలు లెక్క చెప్పకు, టైం చెప్పేయి. పొద్దున పదికి దిగినవాళ్లకి 'యూ కెన్ కీప్ ద రూమ్ టిల్ టెన్ టుమారో మార్నింగ్'. ఆ వెంటనే 'యూ కెన్ లీవ్ యువర్ లగేజ్ హియర్ ఆఫ్టర్ దట్' అని నువ్వే ముందుగా చెప్పు, వాళ్లు అడిగేదాకా ఆగకు.