హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పీజీ: మొదటి సెమిస్టర్‌లోనే పైథాన్ తప్పనిసరి చేయాలా?

దస్త్రం_దాసు
మా కోర్సు (ఆసుపత్రి డేటాను కంప్యూటర్లతో వాడుకోవడం నేర్పేది) సిలబస్ మారుస్తున్నారు. మొదటి సెమిస్టర్‌లోనే ప్రోగ్రామ్‌లు రాసే భాష పైథాన్ అందరికీ తప్పనిసరి చేద్దామని కొందరు, వద్దని కొందరు. క్లాసులో సగం మంది నర్సింగ్, ఫార్మసీ, వైద్యం చదివి వచ్చినవాళ్లు. మిగతావాళ్లు కంప్యూటర్ల వైపు నుంచి వచ్చారు. నా మాట ముందే చెప్పేస్తా: వద్దు. ఆసుపత్రిలో డేటా ఎలా పుడుతుందో తెలియకముందే కోడ్ చేతికిస్తే, తప్పు జవాబులు త్వరగా రాబట్టడమే నేర్పినట్టవుతుంది. తిట్టేవాళ్లు తిట్టండి, కారణం మాత్రం చెప్పండి.

కోడ్‌కాపరి
తిట్టను గానీ ఒప్పుకోను కూడా. కోడ్ తీసేస్తే ఈ కోర్సులో మిగిలేదేమిటి? వైద్య డేటా మార్పిడికి ప్రమాణాలు రాసే హెచ్‌ఎల్7 సంస్థ 1987లో మొదలైంది, ల్యాబు పరీక్షలకు కోడ్‌లిచ్చే లోయింక్ 1994లో, జబ్బులకు కోడ్‌లిచ్చే ఐసీడీ-11 అమల్లోకి వచ్చింది 2022లో... ఇవి బట్టీ పట్టి పరీక్షలో రాస్తారు, మర్నాటికి మర్చిపోతారు. వైద్య పదాలకు కోడ్‌లిచ్చే స్నోమెడ్ సీటీలో మూడున్నర లక్షల పైచిలుకు భావనలున్నాయి. స్లైడు మీద వాటి వర్గీకరణ చెట్టు బొమ్మ చూపిస్తే అది నేర్పినట్టా? కంప్యూటర్ల మధ్య వైద్య రికార్డులు పంపుకునే ఫైర్ (FHIR) ప్రమాణంలో ఉన్న ఒక్క రోగి రికార్డును సొంతంగా తెరిచి, అందులోంచి మందుల జాబితా బయటికి తీసినవాడికే అది ఒంటబడుతుంది.

వార్డు_నర్సు
నైట్ డ్యూటీ దిగి వచ్చి, ఎక్కడో ఒక ఖాళీ ఎక్కువైందని ప్రోగ్రామ్ ఆగిపోతే దాంతో కుస్తీ పట్టడం ఎలా ఉంటుందో మీకు తెలియదులెండి. మా బ్యాచ్‌లో మంచి క్లినికల్ అనుభవం ఉన్నవాళ్లే ఆ టెన్షన్‌కి ముందుగా మానేశారు.

దస్త్రం_దాసు
కాపరి గారూ, క్లాసులో జరిగిన ఒక సంగతి చెబుతా. రెండు ల్యాబుల నుంచి వచ్చిన గ్లూకోజ్ ఫలితాలు ఇచ్చి సగటు తీయమన్నాం. ఒక ల్యాబు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తుంది, ఇంకోటి లీటరుకు మిల్లీమోల్స్‌లో. ఒకచోట 110 అయితే, అదే విలువ రెండో చోట 6.1. కంప్యూటర్ సైన్సు కుర్రాడు యూనిట్లు మార్చకుండానే చిటికెలో ప్రోగ్రామ్ రాశాడు. ఎర్రర్ రాలేదు, సగటు 60 దగ్గర వచ్చింది, గ్రాఫ్ కూడా అందంగా ఉంది. పక్కనున్న నర్సింగ్ అమ్మాయి అది చూసి, "ఇదే నిజమైతే వార్డులో సగం మందికి ఇప్పుడే గ్లూకోజ్ ఎక్కించాలి కదా" అంది. ఆ అమ్మాయికి పైథాన్ ఒక్క ముక్క రాదు.

కోడ్‌కాపరి
మీ కథ నా పక్షానే సాక్ష్యం చెబుతోంది, దాసు గారూ. ప్రోగ్రామ్ నడిచి ఆ 60 తెర మీదికి వచ్చింది కాబట్టే ఆమె పట్టుకోగలిగింది. పైగా లోయింక్ ఉన్నదే ఇందుకు. సీరంలో గ్లూకోజ్‌ను ద్రవ్యరాశిలో కొలిస్తే 2345-7, మోల్స్‌లో కొలిస్తే 14749-6. ఇలాంటి డేటా ఒకసారి చేతికి తగిలితే రెండు కోడ్‌లు ఎందుకున్నాయో ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

వార్డు_నర్సు
ఆ లోయింక్ కోడ్ సరిగ్గా పెట్టిన ల్యాబు దొరికితే మాకూ చూపించండి 🙂 అయినా కోడ్ ఉన్నంత మాత్రాన ఏమైంది? బిల్లింగ్ డేటాలో షుగర్ వ్యాధి కోడ్ ఉంటే రోగికి షుగర్ ఉన్నట్టు కాదు. ఉందేమో చూద్దామని పరీక్ష రాసినప్పుడు కూడా అది పడిపోవచ్చు. చేత్తో తీసిన బీపీలు చూడండి, సున్నాతో ముగిసేవే ఎక్కువ. రాసేవాళ్లం హడావుడిలో సర్ది రాస్తాం. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు, వార్డులో నిలబడితే తెలుస్తాయి.

పాతకాపు
ఇద్దరూ డేటా దగ్గరే ఆగిపోయారు. 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి అధ్యయనం మొదటి వారంలోనే చదివించాలి. మందుల ఆర్డర్లు కంప్యూటర్‌లో పెట్టే పద్ధతి వచ్చాక, బయటి ఆసుపత్రుల నుంచి తరలించి తెచ్చిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయి. బిడ్డ దారిలో ఉండగానే ఆర్డర్లు సిద్ధం చేసుకునే వీలు పోయింది, వచ్చి రిజిస్టరైతేనే ఎంట్రీ. దీన్ని ఏ పైథాన్ పట్టుకుంటుంది?

కోడ్‌కాపరి
సగమే చెప్పారు. సియాటిల్‌లోని పిల్లల ఆసుపత్రి అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే మరణాలు పెరగలేదు, ఆ ఫలితాలు మరుసటి ఏడాదే వచ్చాయి. తేడా అంతా పెట్టిన తీరులో ఉంది.

పాతకాపు
నేనన్నదీ అదే కదండీ! ఆ తీరు నేర్పే పేపర్ మొదటి సెమిస్టర్‌లో ఉండాలి. పైథాన్ ఆ గంటలు తినేస్తుంటే దానికి చోటెక్కడ?

దస్త్రం_దాసు
సరే, కమిటీలో నేను పెట్టబోయేది ఇది. మొదటి సెమిస్టర్‌లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగి డేటా తీసే భాష) మాత్రమే, అదీ శుభ్రం చేయని డేటా మీద. క్లినికల్ నుంచి ఒకరు, కంప్యూటర్ల నుంచి ఒకరు జతగా కూర్చోవాలి. మార్కులు అందులో రాసిన క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకి) తక్కువ, ఆ అంకెను ఎందుకు నమ్మొచ్చో రాసిన పేజీకి ఎక్కువ. పైథాన్ రెండో సెమిస్టర్‌లో.

కోడ్‌కాపరి
జత పద్ధతి బాగుంది. కానీ క్వెరీ రాసే పని ప్రతిసారీ కంప్యూటర్ మనిషి మీదే పడుతుంది, రెండోవాళ్లు పక్కన కూర్చుని చూస్తారు. వారం వారం కీబోర్డు చేతులు మారాలని రూల్ పెట్టండి. రెండో సెమిస్టర్‌లో పైథాన్ మొదలుపెట్టి మూడో సెమిస్టర్‌కల్లా ప్రాజెక్టు డేటాతో పనిచేయమంటే ఎలా కుదురుతుందో కూడా కమిటీలో అడగండి. దానికి జవాబు వచ్చేదాకా నా ఓటు తప్పనిసరికే.

వార్డు_నర్సు
కీబోర్డు రూల్‌కి నేను సరే. డ్యూటీ చార్ట్ చూసి ల్యాబ్ టైమింగ్ పెట్టండి చాలు.