గుండు ఇస్తే జుట్టు ఒత్తుగా వస్తాదా, మందు వాడాల్నా?

కొర్లగుంట కుర్రోడు: నాకు 26. నాయనకు, తాతకు బట్టతల. నాకూ నుదురు పైకి పోతావుంది. డాక్టరు తలకు పూసే మందు మినాక్సిడిల్ 5 శాతం రాసినారు. కొండకు పోయి గుండు ఇయ్యి, ఒత్తుగా వస్తాదంటుంది అమ్మ.

చిత్తూరు పెద్దాయన: అమ్మ మాట విను. నేను మూడుసార్లు ఇచ్చినా. ప్రతిసారీ గట్టిగా మొలిచింది.

మందులంగడి: కత్తి తెగ్గోసేది పైనున్న వెంట్రుకనే, కుదురు చర్మం లోపల ఉంటాది. తెగిన కొన మొద్దుగా ఉండబట్టి చేతికి గరుగ్గా తగులుతాది, అంతే. వంశంలో వచ్చే బట్టతలకు కారణం డీహెచ్‌టీ అనే హార్మోను, కుదుళ్ళను ఏటికేడు చిన్నవి చేస్తాది. మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. మింగినోళ్ళకు ఒంటిమీద వెంట్రుకలు పెరిగితే తలకు రాసే మందు చేసినారు, అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. మొదటి వారాల్లో ఇంకా రాలచ్చు, భయపడి ఆపొద్దు.

చిత్తూరు పెద్దాయన: అంటే నా మొక్కు దండగంటావా?

మందులంగడి: మొక్కు మొక్కే, నేనూ ఇచ్చినా. మందు అనుకోవద్దంటున్నా.

చిత్తూరు పెద్దాయన: మా అన్న కొడుకు ఏడాది రాసి ఆపినాడు, వచ్చిందంతా పోయింది. మీ అంగళ్ళు నడవాల గదా!

మందులంగడి: వాడినన్నాళ్ళే పనిచేస్తాది. దాచిపెట్టి అమ్మలేదు నేను.

గాజులమండ్యం: ఉల్లిరసం పూయండి.

తిలక్ రోడ్డు అక్క: ఇంతసేపూ మగోళ్ళ తలేనా? 19 ఏళ్ళకే నా పాపిట రెండు వేళ్ళ వెడల్పయింది. కాటుక పెన్సిలుతో నల్లగా పూసుకొని కాలేజీకి పోయేదాన్ని, చెమటకు నుదుటి మీదికి కారేది. తమ్ముడి తల వెనక వెంట్రుకలు తీసి ముందు నాటించడానికి మా నాయన లక్షన్నర పెట్టినారు. నాకు కొబ్బరినూనె! ఉద్యోగం వచ్చినాకే డాక్టరు దగ్గరికి పోయినా. పిల్లల్ని కనే వయసని, డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టరైడ్ మాత్ర వద్దన్నారు, కడుపులో మగబిడ్డకు ప్రమాదమంట. మినాక్సిడిల్‌తో రాలడం తగ్గింది.

చిత్తూరు పెద్దాయన: మీ నాయన తప్పేముందమ్మా? ఆడపిల్లను జుట్టు డాక్టరు దగ్గరికి తీసకపోతే నలుగురికీ తెలుస్తాది, సంబంధాలు చెడతాయి. మా పాపకు 22. పాపిట పల్చబడింది. మొక్కని చెప్పి గుండు ఇప్పిస్తే ఎవురూ అడగరు.

తిలక్ రోడ్డు అక్క: దానికా పొద్దున్నుంచి గుండు, గుండు అంటా ఉండేది? మళ్ళీ మొలిచినాక పాపిట అట్లే కనిపిస్తాది. గుండు ఇస్తావా అని పాపనడిగినారా?

చిత్తూరు పెద్దాయన: అడగలా.

తిలక్ రోడ్డు అక్క: ఆమె తల అది.

చిత్తూరు పెద్దాయన: నీకు ముందు ఏం పరీక్షలు చేసినారమ్మా?

తిలక్ రోడ్డు అక్క: థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్.